మూడో రౌండు ఎవరు చూశారు

బస్సు డిపోలో సీట్లు కుట్టే ఆయన్ని అందరూ ‘మూడో రౌండు’ అనే పిలుస్తారు. మొహం మీదే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు. కుర్రతనంలో ఒలింపిక్స్‌కి వెళ్ళి బాక్సింగ్ ఆడి వచ్చిన మనిషి. ఓడిపోయే వచ్చాడనుకోండి, అయితేనేం? “ఓడాను గానీ పడలేదు. మూడు రౌండ్లూ నిలబడ్డాను” అని చెప్పుకోవడం ఆయనకి ఊపిరి తీసుకున్నంత అలవాటు.

చిరిగిన రెక్సిన్ ఊడదీస్తూ మొదటి రౌండు చెప్పేవాడు. స్పాంజి కోసి చెక్క మీద సర్దుతూ రెండో రౌండు చెప్పేవాడు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి మాత్రం కత్తెర పక్కన పెట్టేసేవాడు. తాళ్ళకి ఆనుకుని ఉన్నాడు, కాళ్ళు వణుకుతున్నాయి, బనియను వీపుకి అతుక్కుపోయింది, భుజం మీద పట్టీ తెగి వేలాడుతోంది, అయినా మోకాలు నేలకి ఆనలేదు. ఆ కథ నడుస్తున్నంతసేపూ ట్రిప్పు ఆలస్యం చెయ్యొచ్చని డ్రైవర్లు శ్రద్ధగా వినేవారు. ఆ సంగతి ఆయనకి తెలియనిదేం కాదు, తెలియనట్టు ఉండేవాడు.

ఆయన ఎవరికీ చెప్పని ముక్క ఒకటుంది. ఆ మూడో రౌండు ఆయన పిలవకుండానే వచ్చేది. సూదిలో దారం ఎక్కిస్తుంటే వచ్చేది, స్నానాల గదిలో తల మీద నీళ్ళు పోసుకుంటుంటే వచ్చేది. వచ్చినప్పుడల్లా గదిలో తనతో పాటు ఇంకెవరో నిలబడి ఉన్నట్టు అనిపించి ఒళ్ళు జలదరించేది. మొదటి రెండు రౌండ్లకీ ఈ జబ్బు లేదు. తను తలుచుకుంటే వచ్చి, చాలనుకుంటే బుద్ధిగా వెళ్ళిపోయేవి.

ఒకరోజు డిపోకి ఓ చరిత్ర పంతులమ్మ వచ్చింది. పాత ఒలింపిక్ బాక్సింగ్ ఫలితాల్లో ఒక పుస్తకానికీ మరో పుస్తకానికీ ఎక్కడ పొంతన లేదో వెతకడం ఆవిడ పని. ఇదీ ఒక పనేనా అని మేస్త్రీలు నవ్వుకున్నారు. ఆయన మాత్రం కొత్త రెక్సిన్ తొడిగిన సీటు తెచ్చి ఆవిడకి వేశాడు.

“మీ ఆట గురించి మూడు పుస్తకాలు మూడు రకాలుగా చెప్తున్నాయండీ” అంది పంతులమ్మ. “పాయింట్ల మీద ఓడిపోయారని ఒకటి. రెండో రౌండయ్యాక తప్పుకున్నారని ఇంకోటి. మూడోదైతే, మీరసలు రింగులోకే రాలేదంటోంది.”

“రాకపోతే ఈ ముక్కు ఎవడు వంచాడమ్మా?” అన్నాడు ఆయన. పంతులమ్మ కూడా నవ్వేసింది. “మూడు రౌండ్లూ ఆడాను. అదే రాసుకోండి.”

“రాస్తానండీ. ఇంకొక్కటి. మూడో రౌండులో అవతలి అతనికి కనుబొమ్మ చిట్లిందని కొందరంటారు, లేదని కొందరంటారు. మీరు దగ్గర్నుంచి చూశారు కదా.”

అదెంత పని అనుకుని ఆయన కళ్ళు మూసుకున్నాడు. మొదటి రౌండులో అవతలివాడి మొహం కనిపించింది, ముక్కు మీది మచ్చలతో సహా. రెండో రౌండులోనూ కనిపించింది, పిడికిలి వెనకాల. మూడో రౌండులో మొహం లేదు. వీపు ఉంది. చెమటకి అతుక్కుపోయిన బనియను, తెగి వేలాడుతున్న పట్టీ, వణుకుతున్న పిక్కలు. ఎంత వెతికినా ఆ వీపే. ఆ వీపు తనది.

తన వీపు తనకెలా కనిపిస్తుంది?

పంతులమ్మ ఆయన మొహం చూసి కంగారుపడి, “తొందరేం లేదండీ, రేపు ఫోన్ చేస్తాను” అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన కంచం ముందు కూర్చుని నీళ్ళు మాత్రం తాగి లేచాడు. “ఎప్పుడో అయిపోయిన ఒలింపిక్స్, ఇప్పుడెక్కడికీ పారిపోవు గానీ తినండి” అంది భార్య. ఆవిడకేం తెలుసు? పతకం లేదు, ఫొటో లేదు. ఆయనకి ఉన్నదల్లా ఆ ఒక్క రౌండు. అదీ తనది కాకపోతే ఇన్నాళ్ళూ కాలరెగరేసుకుని తిరిగింది ఎవరట? ఆయనకి నిజంగా భయమేసింది.

భార్య తమ్ముడు ఆ పక్క వీధిలోనే తాళాలు బాగుచేస్తాడు. ఆట రోజున రింగు మూలలో నీళ్ళ బకెట్టూ తువ్వాలూ పట్టుకుని నిలబడ్డది, జట్టుకి సాయంగా వెంట వెళ్ళిన ఆ బావమరిదే. రెండు రింగుల్లో ఒకేసారి ఆటలు పెట్టడంతో కోచ్ రెండో రింగు దగ్గరే ఉండిపోయాడు. మర్నాడు పొద్దున్నే ఆయన ఆ కొట్టు ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“మూడో రౌండులో నేనేం చేశానురా?”

“అదేంటి బావా, ఊరందరికీ చెప్పేది నువ్వేగా?”

“నువ్వు చెప్పు.”

బావమరిది చేతిలో తాళం కింద పెట్టాడు. తర్వాత, దాచి దాచి విసిగిపోయిన మనిషిలా, నెమ్మదిగా చెప్పాడు.

“మూడో రౌండు లేదు బావా. రెండోది అయ్యాక వచ్చి స్టూలు మీద కూర్చున్నావు. నన్ను చూసి, ‘బాబూ, మీరెవరు?’ అన్నావు. ఇక ఆట చాలు, ఓడిపోయామని నేను తువ్వాలు రింగులోకి విసిరేశాను. విసరకపోతే అక్కకి మొహం ఎలా చూపించేది?”

ఆయన స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు.

“లోపల బల్ల మీద పడుకోబెడితే, ‘మూడో రౌండు ఎలా ఆడాను?’ అని అడిగావు. ఆడలేదని నిజమే చెప్పాను. చిన్నపిల్లాడిలా ఏడ్చావు. కాసేపటికి అంతా మర్చిపోయి మళ్ళీ అడిగావు. మళ్ళీ చెప్పాను, మళ్ళీ అప్పుడే విన్నట్టు ఏడ్చావు. ఎన్నిసార్లని ఏడిపించను బావా? చివరికి నిలబడ్డావని చెప్పాను. ఎలా నిలబడ్డానని అడిగావు. మూల నుంచి చూస్తే నువ్వెలా కనపడతావో అలా చెప్పుకుంటూ పోయాను. అప్పుడు నిద్రపోయావు.”

“లేచాకైనా చెప్పొచ్చుగా.”

“లేచాక నువ్వే నాకు చెప్పడం మొదలుపెట్టావు.”

ఆయనకి కోపం రావాల్సింది. దానికి బదులు, చెప్పి చెప్పి అంత అలిసిపోయి కూడా తన కోసం ఒక రౌండు కల్పించిన అప్పటి ఆ కుర్రాడి మీద జాలేసింది. భుజం మీద ఒకటి తట్టి లేచాడు.

పంతులమ్మ ఫోన్ చేసేసరికి ఆయన డిపోలో ఉన్నాడు. “రెండో రౌండయ్యాక తప్పుకున్నాను. అదే రాసుకోమ్మా” అన్నాడు.

“మరి నిన్న మూడో రౌండు ఆడానన్నారు కదండీ?”

“అది మా బావమరిది ఒక్కడే చూశాడు.”

ఫోన్ పెట్టేసి రెక్సిన్ పరిచాడు. నిజం చెప్పేశాడు కాబట్టి ఇక ఆ పీడ వదిలిపోతుందనుకున్నాడు. కత్తెర చేతిలోకి తీసుకున్నాడో లేదో, బల్లకి అవతల ఆ వీపు వచ్చి నిలబడింది. పాపం, కాళ్ళు అలాగే వణుకుతున్నాయి.

“అయిపోయింది నాయనా, కూర్చో” అన్నాడు ఆయన.

వాడు కూర్చోలేదు. జరగని రౌండుకి గంట ఎవరు కొడతారు?