పులిహోర డబ్బాలో మంచు

మెల్‌బోర్న్ వాళ్లకు ఒక సరదా ఉంది. మంచు పడిన రోజు కొండ మీదికి వెళ్లి, కారు బానెట్ మీద చిన్న మంచు బొమ్మను నిలబెట్టి, అది కరిగేలోగా ఇల్లు చేరాలని తొందరపడుతూ వస్తారు. ఊళ్లో మంచు పడదు. తూర్పున ఉన్న డాండెనాంగ్ కొండల మీద మాత్రం, అదీ ఎప్పుడో ఓసారి, పడుతుంది. ఆ శనివారం మధ్యాహ్నం మా ఇంటి ముందు ఆగిన కారు బానెట్ మీద బొమ్మ లేదు. ఉత్త తడి. నా అనుమానం అక్కడ మొదలైంది.

వై టూ కే పనుల కోసం మనవాళ్లు విమానాల నిండా దిగుతున్న రోజులవి. మెల్‌బోర్న్ పడమటి శివారు వెర్రిబీలో ఒక అద్దె ఇంట్లో రెండు కుటుంబాలం ఉండేవాళ్లం. వంటగది ఒకటే. మా ఆయన, ఆయనకు సీనియర్ అయిన ఇంకొకాయన ఒకే ప్రాజెక్టులో పనిచేసేవారు. ఆ సీనియర్ గారి భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. వాళ్లకు నాలుగేళ్ల పాప. కారు వాళ్లకే ఉండేది. మా ఆయనకు ఇంకా లైసెన్సు రాలేదు.

ఆస్ట్రేలియా అంటే ఎండల దేశమని చెబితే నమ్మి నూలు చీరలు తెచ్చుకున్నదాన్ని నేను. అలా చెప్పినవాళ్లను ఇప్పటికీ క్షమించలేదు. జూన్ వచ్చేసరికి చలిగాలికి చెవులు తెగిపోయేవి. సరే, చలి ఎలాగూ తప్పదు, మంచైనా చూద్దామనిపించింది. ఒకరోజు గిన్నెలు కడుగుతూ అక్కతో అన్నాను.

"మా ఒంగోల్లో మంచంటే సోడాబండి మీద గోనెపట్టా కప్పిన ఐసే అక్కా. ఆకాశంలోంచి పడే మంచు ఒక్కసారి చూడాలని ఉంది."

"పడితే నిన్ను వదిలేసి వెళ్తామా అమ్మాయ్!" అంది అక్క, పళ్లేలు తుడుస్తూ. ఆ మాట నేను మరచిపోలేదు. ఆమె మరచిపోయింది.

ఇక్కడ శ్రావణమాసం నడి చలికాలంలో వస్తుంది. వరలక్ష్మీ వ్రతానికి వంటగది పక్కన బల్ల మీద కలశం పెట్టాను. అక్కా వాళ్లకు ఆ ఆనవాయితీ లేదు కాబట్టి పూజ నాది, వాయనం ఆమెది. పసుపు, కుంకుమ, నానబెట్టిన సెనగలు, పెద్ద స్టీలు డబ్బా నిండా పులిహోర ఇచ్చాను. కొంగు పట్టి పుచ్చుకుంది. "పోపు భలే కుదిరింది" అని కూడా అంది.

మర్నాడు కలశానికి ఉద్వాసన చెప్పాలి. తలస్నానం చేసి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మా ఆయన ఆఫీసుకు వెళ్లిపోయారు. ఆ రోజుల్లో శనివారాలు కూడా కంప్యూటర్లలో తేదీలు ముందుకు తిప్పి, ఏవి ఆగిపోతాయో చూస్తూ కూర్చునేవారు. అక్కా వాళ్ల గది తలుపు తీసి ఉంది. కారు లేదు. హారతి ఇచ్చి, కలశం కదిపి, కొబ్బరికాయ పీచు పారేద్దామని చెత్తబుట్ట తీస్తే అందులో చిన్నపిల్లల చేతి తొడుగుల అట్ట కనిపించింది. కొత్తది.

మధ్యాహ్నం వచ్చారు. పాప ముక్కు ఎర్రగా ఉంది.

"కొండ మీద మంచు పడిందమ్మాయ్! పొద్దున్నే రేడియోలో చెప్పారు, అప్పటికప్పుడు బయలుదేరిపోయాం" అంది అక్క.

"నన్ను లేపలేదేం?"

"కలశం కదపకుండా నువ్వెలా వస్తావు? పైగా గాఢంగా నిద్రపోతున్నావు. అదీగాక ఈయన ఆఫీసు వాళ్లు భార్యాభర్తలు వస్తామన్నారు, కారులో చోటేది?"

నిజమైన కారణం ఉన్న మనిషికి ఒక్కటి చాలు. మూడు చెప్పిందంటే నాకేమనిపించాలి? పొద్దున్నే రేడియోలో విన్నవాళ్లు తొడుగులు ఏ కొట్టు తెరిపించి కొన్నారు?

"మరి బానెట్ మీద బొమ్మేది?"

"ఫ్రీవే ఎక్కగానే జారిపోయింది. ఇదిగో, నీకోసం తెచ్చాను చూడు."

పాప స్వెట్టర్‌లో చుట్టిన పొట్లం అక్క విప్పింది. నా స్టీలు డబ్బా. పులిహోర తినేసి, డబ్బా కడగకుండా, అందులో మంచు నింపి తెచ్చింది. అది పసుపుపచ్చగా ఉంది, ఇంగువ వాసన వేస్తోంది.

"ఇదా మంచు? మన ఫ్రీజర్ గోడ గీకితే రోజూ వచ్చేది ఇదే" అన్నాను. అక్క ముఖం చిన్నబోయింది. చెయ్యి కూడా పెట్టకుండా డబ్బాను సింకులో పెట్టేశాను. కాసేపటికి పసుపు నీళ్లు మిగిలాయి. అడుగున రెండు ఆవగింజలు, ఒక యూకలిప్టస్ ఆకు. ఫ్రీజర్‌లో ఆకులు మొలవవు, నిజమే. కానీ ఆ చెట్టు మా వీధి చివరా ఉంది.

మర్నాడు నేను గొడవ పెడితే మా ఆయన నన్ను రైల్లో, బస్సులో ఆ కొండకు తీసుకెళ్లారు. బురద తప్ప ఏమీ లేదు.

వై టూ కే భయం తేలిపోయింది, ప్రాజెక్టూ అయిపోయింది. వాళ్లు సిడ్నీలో కెల్లీవిల్‌కు మారిపోయారు. కొన్నేళ్ల తర్వాత ఒక ఉదయం మా పెరట్లోనే, బట్టల తీగ మీద, తెల్లటి తునకలు రాలడం కళ్లారా చూశాను. ఆరేసిన టవలు మీద వాలి, చూస్తుండగానే మాయమయ్యాయి. ఉండబట్టలేక అక్కకు ఫోన్ చేశాను. "వెర్రిబీలో మంచేమిటి, వడగళ్లయ్యుంటాయిలే" అంది నవ్వుతూ. ఆ నవ్వునూ గుర్తు పెట్టుకున్నాను.

చాలా ఏళ్లకు, వాళ్లు మెల్‌బోర్న్ వచ్చినప్పుడు, కేరమ్ డౌన్స్ గుడిలో కలిశాం. అక్క వెంట, ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతున్న కూతురు. ప్రసాదాల దగ్గర కూర్చున్నాక నేను మాట కదిపాను. "ఆ రోజు కారులో చోటుండి ఉంటే నేనూ మంచు చూసేదాన్నమ్మా. ఎవరో వచ్చారట కదా."

"నో ఆంటీ, మేం ముగ్గురమే. బ్యాక్ సీటంతా నాదే! పడుకునే వచ్చాను, ఐ రిమెంబర్" అంది ఆ పిల్ల.

అక్క చేతిలో చెంచా ఆగింది. కూతుర్ని మంచినీళ్లకు పంపింది.

"నువ్వు మారవు" అంది.

"మీరూ నిజం చెప్పరు."

చెంచా కింద పెట్టి అంది: "తొడుగులు ముందురోజే కొన్నాను. టీవీలో చెప్పారు పడుతుందని. వచ్చిన దగ్గర్నుంచీ ఏం వండినా, ఏం తిన్నా, మొగుడితో మాటాడినా మీరిద్దరూ ఎదురుగానే ఉండేవారు. ఒక్కరోజు మేం ముగ్గురం వెళ్లాలనిపించింది. నీ మొహం చూసి ఎలా చెప్పను?"

కావాలనే నన్ను వదిలేసి వెళ్లారని ఇన్నేళ్లూ నేను అనుమానించింది అక్షరాలా నిజం. గెలిచాను. చేతిలోని పులిహోర మాత్రం పక్కన పెట్టేశాను.

"మరి ఆ డబ్బా?"

"కొండ మీంచి వచ్చేద్దామని కారెక్కబోతుంటే నువ్వు గుర్తొచ్చావు. తొడుగులు పాపకే కొన్నాం, నాకు లేవు. చేతులు కొంకర్లు పోయాయి నింపేసరికి. నువ్వేమో ఫ్రీజర్ అన్నావు."

నేను లేకుండా గడపాలనుకున్న ఒక్క రోజున కూడా ఆమెకు నేను గుర్తొచ్చానట. ఇది అబద్ధమేమోనని ఇంటికి వచ్చాక చాలాసార్లు తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా అతుకు దొరకలేదు.

ఆ డబ్బాలోది మంచేనని ఒప్పుకుంటున్నాను. నన్ను లేపకపోవడం మాత్రం ఒప్పుకోను.