కట్టయ్య పక్కన చోటు

ఇంగ్రిడ్ మంచిదే, తెలియక చేసింది అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను.

సుబేదారిలో మా చర్చివాళ్ల ఆడపిల్లల హాస్టల్‌కి సమ్మమ్మ వంటమనిషి. నేను అక్కడే కుట్టుపని నేర్పేదాన్ని. సమ్మమ్మ, ఆమె భర్త కట్టయ్య ఒకేరోజు బాప్తిస్మం తీసుకున్నారు. అతను పోయాక, చర్చి సమాధుల తోటలో అతని పక్క చోటు తనకోసం అడిగి ఉంచుకుంది. ఈస్టర్ ముందురోజు అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం వేస్తారు. సమ్మమ్మ కట్టయ్య సమాధికి సున్నం వేసి, పక్కనున్న ఖాళీ చోటులో కూడా గడ్డి పీకి, ఊడ్చి, నీళ్లు చల్లేది. "నా ఇల్లు నేను ఊడ్సుకుంటాన" అని నవ్వేది.

ఇంగ్రిడ్ డెబ్భై ఏడులో స్వీడన్ నుంచి మా హాస్టల్‌లో సేవ చేయడానికి వచ్చింది. చిన్నపిల్ల. కారం తినలేక ఏడిస్తే సమ్మమ్మ ఆమెకు వేరే గిన్నెలో చప్పటి పప్పు వండేది. జ్వరమొస్తే మంచం పక్కనే కూర్చుంది. పొయ్యి దగ్గర పీట వేసి మాటలు నేర్పింది. కొన్నాళ్లకే ఆ తెల్లపిల్ల "జర ఆగుండ్రి" అంటుంటే మేం పడీపడీ నవ్వేవాళ్లం.

ఆ చలికాలం సమ్మమ్మ మనుమరాలికి కామెర్లు ముదిరాయి. దవాఖానలో చేతులెత్తేశారు. సమ్మమ్మ చర్చిలో మోకరించింది, ఇంటికొచ్చి సమ్మక్క తల్లికీ మొక్కింది. పిల్ల బతికింది. మొక్కు ఎగ్గొట్టే ధైర్యం ఆమెకు లేదు. మేడారం జాతరకు పోయి, పిల్ల బరువంత బెల్లం తూయించి గద్దె దగ్గర పెట్టింది. ఇంగ్రిడ్ ముచ్చటపడితే ఆమెనూ తీసుకుపోయింది. తిరిగొచ్చే బస్సులో ఇంగ్రిడ్ ఆమె చేతిలో చెయ్యివేసి, ఈ సంగతి చర్చిలో ఎవరికీ చెప్పనని మాట ఇచ్చింది.

నెల దాటగానే ఈస్టర్ వచ్చింది. తెల్లవారుజామున పాటలు పాడుకుంటూ సమాధుల తోటకు నడిచాం. ప్రతి సమాధి మీదా పూలు, కొవ్వొత్తులు. ఆరాధన మధ్యలో పాస్టర్, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని ఇంగ్రిడ్‌ను పిలిచాడు. ఆమె తెలుగులో మొదలుపెట్టగానే జనం మురిసిపోయారు. వాళ్లు నవ్వేకొద్దీ ఆమెకు హుషారెక్కింది.

"మా సమ్మమ్మది గట్టి నమ్మకం. యేసయ్యకు మొక్కింది, సమ్మక్కకు మొక్కింది. మేడారంల బెల్లం జోకిచ్చింది. నేను గూడ పోయిన!"

నవ్వులు ఆగిపోయాయి. ఆమె ఇంకా చెబుతూనే ఉంది. ఆ మాటలన్నీ సమ్మమ్మ నేర్పినవే. సమ్మమ్మ కొవ్వొత్తి పట్టుకుని తల ఎత్తకుండా నిలబడింది. నాకైతే ఆ పిల్ల చెంప ఛెళ్లుమనిపించాలనిపించింది.

మధ్యాహ్నానికల్లా సంఘపెద్ద పోశయ్య వంటింటి గడపలోకి వచ్చాడు. "సమ్మమ్మా, కట్టయ్య పక్క జాగ ఇగ నీది గాదు. మేడారం పోయినోళ్లకు మా సమాధుల తోటల జాగ ఇయ్యం" అని చెప్పి వెళ్లిపోయాడు. సమ్మమ్మ బియ్యం కడుగుతూనే ఉంది.

సాయంత్రం ఇంగ్రిడ్ ఏడ్చుకుంటూ వచ్చింది. "మాఫ్ చెయ్యి అమ్మా. నీ గురించి మంచిగ చెప్తాన్న అనుకున్న."

సమ్మమ్మ ఎప్పటిలాగే చప్పటి పప్పుతో అన్నం పెట్టి ముందు కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంగ్రిడ్ కళ్లు తుడుచుకుని ముద్ద ఎత్తింది. అప్పుడు సమ్మమ్మ నోరు విప్పింది.

"నిన్ను నా బిడ్డ అనుకున్న. ఎవ్వలకు చెప్పని ముచ్చట నీకు చెప్పిన. నువ్వు ఎండకాలం అయినంక మీ అమ్మ దగ్గరికి పోతవ్. సచ్చినంక నేను ఏడికి పోవాలె? అది చెప్పు."