సీతాఫల్‌మండి గదిలో వికీ కాపురం

ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే బంధువుల్లో పలుకుబడి, పెళ్ళిచూపుల్లో గిరాకీ. సీతాఫల్‌మండిలోని నా ఒంటిగదిలో మాత్రం ఆ రెండూ ఎందుకూ పనికొచ్చేవి కావు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఏడాదైనా, ఆదివారం వస్తే నాతో మాట్లాడే ప్రాణి టిఫిన్ బండాయన ఒక్కడే, అదీ "చట్నీ ఏయాల్నా?" అన్నంతవరకే. (ఆ ఒక్క ముక్క కోసం రెండోసారి చట్నీకి వెళ్ళిన రోజులున్నాయి.) మిగతా కబుర్లన్నీ ఈమెయిళ్ళలోనే. కంప్యూటర్లో తెలుగు తేవాలని కంకణం కట్టుకున్న పాతికమందిమి ఒక గుంపుగా ఉండేవాళ్ళం. ఒకరి మొహం ఒకరం చూసింది లేదు.

గుంపు కోసం ఒక వికీ పెట్టాలనుకున్నాం. ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల పేజీలన్నమాట. మరి అది ఎవరి కంప్యూటర్లో ఉండాలి? ఊరికే చోటిచ్చే విదేశీ సైటులో పెడదామన్నారు కొందరు. బోయిగూడ ఆయనొకడు తన ఆఫీసులో, మేనేజరు కంటపడకుండా, ఓ మూల దాస్తానన్నాడు. మన తెలుగు పరాయి పంచన పడి ఉండడమేమిటని, నా గదిలోని కంప్యూటరే దానికి పుట్టిల్లు కావాలని నేను నాలుగు మెయిళ్ళు దంచాను. అసలు సంగతి చెప్పేస్తాను: వికీ నా గదిలో ఉంటే, దాన్ని చూసుకోవడానికి వీళ్ళంతా నా గదికి వస్తారని ఆశ. ఎవరూ అడ్డు చెప్పలేదు. (ఆ తలనొప్పి ఎవరికీ అక్కర్లేదని తర్వాత తెలిసింది.)

గది అడ్రసు, ఫోను నంబరు గుంపుకు రాసి, ఆ ఆదివారం గది ఊడ్చి, నాలుగు కప్పులు కొని, తలుపు తీసి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మరుసటి ఆదివారమూ అంతే. వికీ అన్నది ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చూసుకునేదని, అంత ఇంజనీరింగు వెలగబెట్టిన బుర్రకు తట్టనే లేదు. నా మంచం పక్కనే పాతికమంది గలగలా రాసుకుంటున్నారు, గదిలో మాత్రం నేనొక్కణ్ణే. చెప్పలేనంత దిగులేసింది.

ఒకరోజు నేను గదిలో లేననుకుని ఇంటి ఓనరమ్మ కరెంటు మెయిన్ స్విచ్ ఆపేసింది. పది నిమిషాల్లో మూడు ఫోన్లు! వికీ ఏమైందని అందరూ ఆత్రంగా అడుగుతుంటే నాకు పండగలా ఉంది. ఇంకేం, తర్వాతి ఆదివారం పొద్దున్నే నా చేత్తో నేనే స్విచ్ ఆపి, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఫోను మోగలేదు. గంటన్నర తర్వాత ఎవరో తలుపు తట్టారు.

గుంపులో అందరం అన్న అని రాసుకునే పెద్దాయన, మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో వచ్చాడు. చేతిలో స్క్రూడ్రైవర్ల సంచి. మిషిన్ ఖరాబైందేమోనని పరేషానై వచ్చానంటూ కంప్యూటర్ ముందు చతికిలబడ్డాడు. వెనక తీగలన్నీ తడిమి, చివరికి గోడమీది స్విచ్ వైపు చూశాడు, తర్వాత నావైపు.

"నేనే ఆపానన్నా," అన్నాను. "ఎవరైనా వస్తారని."

ఆయన స్విచ్ వేశాడు. సంచి పక్కన పెట్టి, "వికీ ఖరాబైతేనే రావాల్నా తమ్మీ? రమ్మంటే రానా?" అన్నాడు.

సీతాఫల్‌మండిలో కరెంటు నమ్మకం లేదని, వికీని విదేశీ సైటుకే మార్చేద్దామని గుంపుకు ఆయనే రాసి నా పరువు కాపాడాడు. మరుసటి ఆదివారం ఏ పనీ లేకుండానే వచ్చాడు.

టీకి రమ్మని ఒక్క మాట అడగలేక, భాషాభిమానం మీద అంత ఉపన్యాసం దంచిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. ఇప్పుడు మాత్రం బాగుపడ్డానా? మొన్న ఆదివారం ఓ పాత స్నేహితుడికి ఫోన్ చేసి, రమ్మనడానికి నోరు రాక, లాప్‌టాప్ పాడైంది, కాస్త వచ్చి చూస్తావా అన్నాను.