కంది కట్టె మంట మీది రొట్టెలు

కర్నూలులో ఛాతీ డాక్టరు "ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా?" అని నా భార్యను అడిగినప్పుడు, ఆమె నోరు తెరిచేలోగా నేనే "గ్యాస్ ఉంది సార్" అన్నాను. అబద్ధం కాదు. పొయ్యి కూడా ఉందని మాత్రం చెప్పలేదు.

అన్నం, టీ గ్యాస్ మీదే. జొన్నరొట్టెలు మాత్రం కోడుమూరులోని మా ఇంటి వెనక రేకుల చాటున, కంది కట్టె మంట మీద. నాకు అలాగే కావాలి. పెళ్లయిన కొత్తలో పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చునేవాణ్ని. పిండి మీద ఆమె అరచేతి చప్పుడు, నిప్పుల పక్కన నిలబెట్టగానే పొంగే రొట్టె, దాని మీదికి రోట్లో నూరిన ఊరిమిండి పచ్చడి. ఆ వాసన తలచుకుంటే ఇప్పటికీ ఆకలేస్తుంది. ఇది రాయడం అందుకే కష్టంగా ఉంది.

గ్యాస్ వచ్చాక ఒకసారి దాని మీదే కాల్చింది. ఒక ముక్క తుంచి పళ్లెం జరిపేశాను.

"ఏమ్మే, రొట్టె అడిగితే అట్టముక్క పెడ్తివే?"

"పొగ తగలకుంటే నీకు ముద్ద దిగదు. నన్నెందుకు, ఆ పొయ్యినే పెండ్లి చేసుకోకపోతివా!"

ఇద్దరం నవ్వుకున్నాం. మర్నాటి నుంచి మళ్లీ పొయ్యే. వానాకాలం తడి కట్టె అంటుకోక, ఆమె వంగి ఊదుతూ కళ్లు తుడుచుకునేది. నేను ముందు వసారాలో స్నేహితులకు ఆమె రొట్టెల గొప్ప చెప్పేవాణ్ని.

తర్వాత ఆమెకు దగ్గు. మిద్దె మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు గొట్టంలోకి ఊదించి, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయన్నాడు. బీడీ ముట్టని మనిషికి ఇదెలా వచ్చిందో తెలియక, పీల్చే మందు రాసిచ్చాడు. ఆ సాయంత్రమే ఆమె మళ్లీ పొయ్యి ముట్టించింది. వద్దనలేదు. తిన్నాను.

ఆయాసం ఇంకా పెరిగింది. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరుకు అంతా చెప్పాను. పోయింది తిరిగి రాదు, పొగ మానేస్తే మిగిలింది కొంతైనా నిలుస్తుందన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాం.

"ఆ పొద్దే డాక్టరుకు నువ్వన్నా చెప్పకపోతివా?" అన్నాను.

"రోజూ నువ్వట్ల సంతోషంగా తింటాంటే యాడ చెప్పేదప్పా?"



"నా నోటి రుచి కోసం నిన్ను పొగలో కూర్చోబెడ్తి. డాక్టరు అడిగినా దాచిపెడ్తి. తప్పైపాయమ్మే, నన్ను మన్నించు," అన్నాను.