గోడ మీద గిన్నె

పోయిన నెల మా మేనమామ చనిపోయాడు. ఆ కబురు నాకు ఫోన్లో చెప్పింది ఆయన పక్కింటి ఆమె. నేను హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. పొద్దున డ్యూటీ ఎక్కి చేతులు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది. "మీ మామ తలుపు తీస్తలేడు బిడ్డా. కిటికీల నుంచి చూసినం. లేస్తలేడు" అంది. ఆమె గొంతు వణికింది. ఆ వణుకు నటన కాదు, ఆ మాట ముందే చెప్పాలి.

వనపర్తి చేరేసరికి మధ్యాహ్నమైంది. రాజోలి నుంచి మా అమ్మ నాకంటే ముందే వచ్చి అన్న కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. మట్టి చేసి తిరిగొచ్చాక, చావింట్లో పొయ్యి ముట్టించరు కాబట్టి, పక్కింటి ఆమె క్యారియర్ నిండా అన్నం, పప్పు తెచ్చింది. అమ్మ దాని వైపు కూడా చూడలేదు. నేను తిన్నాను. పొద్దుటి నుంచి కడుపులో ఏమీ లేదు. అయినా ఒక్కో ముద్ద గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. ఎందుకో చెప్పాలంటే కరోనా వచ్చిన ఏడాదికి పోవాలి.

మామ బస్సు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. గద్వాల, నాగర్‌కర్నూల్ రూట్లలో ఆయనను ఎరగని వాళ్లు తక్కువ. అత్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఒక సందులో రెండు గదులు కిరాయికి తీసుకుని, తన వంట తనే చేసుకునేవాడు. ఉద్యోగంలో ఉండగా ప్రయాణికులు సీట్లలో వదిలేసిన పేపర్లు ఏరుకుని, బస్సు డిపోకు చేరాక మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివేవాడు. అన్నం సంగతీ అంతే. రాత్రి కావాలనే ఓ గుప్పెడు బియ్యం ఎక్కువ పోసేవాడు. పొద్దున ఆ చద్దన్నంలో జొన్నపిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ పిసికి, గిన్నె అడుగున పలచగా అద్ది, ఎర్రగా కాల్చేవాడు. ఎండిన రొట్టెలు తుంచి మజ్జిగలో నానేసి పోపు పెట్టేవాడు. రాత్రి పప్పు మిగిలితే దాంతోనే పిండి కలిపేవాడు. వాటి మీదికి పల్లీల పొడి. నా చిన్నప్పుడు ఆయన ఇంటికి సెలవులకు వస్తే నాకు వేడన్నం కంటే ఈ చద్ది వంటల మీదే ధ్యాస ఉండేది.

లాక్‌డౌన్ పెట్టగానే పేపరు రావడం ఆగిపోయింది. మామ టీవీకి అంటుకుపోయాడు. ఏ రాష్ట్రంలో ఎన్ని కేసులో, ఏ రోడ్డు మూశారో నాకు ఫోన్ చేసి మరీ చెప్పేవాడు. జనమంతా సరుకుల కోసం ఎగబడుతుంటే మాత్రం తొందరపడలేదు. "టీవీ చూసి వండొద్దు, గంపల ఏమున్నదో చూసి వండాలె" అనేవాడు. లాక్‌డౌన్‌కు ముందు, డాక్టర్ల కోసం, నర్సుల కోసం అందరూ పళ్లాలు కొట్టిన సాయంత్రం సందులోకి వచ్చి, ఫోన్ ఉన్న చెయ్యి ఎత్తి పట్టుకుని ఆ మోతంతా నాకు వినిపించాడు. "ఇను బిడ్డా, నీ కోసమే" అన్నాడు. అందరికంటే గట్టిగా కొడుతున్నది పక్కింటి ఆమేనని కూడా చెప్పాడు.

ఆమె భర్త కరెంటు పని చేసేవాడు. గద్వాలకు పనికి పోయి అక్కడే చిక్కుకున్నాడు. ఆమె, ఇద్దరు పిల్లలు, అడుగంటిన బియ్యం డబ్బా. అది తెలిసిన పొద్దు నుంచి మామ రెండు ఇళ్ల మధ్య గోడ మీద రోజూ ఒక గిన్నె పెట్టేవాడు. అంతకుముందు ఆ ఇంట్లో వాళ్లు మా ఇంటి నీళ్లు తాగింది లేదు. ఎందుకు తాగరో మాలాంటి వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆకలి వచ్చి ఆ పట్టింపును పక్కన పెట్టింది. పిల్లలు మామ కాల్చిన చద్దిరొట్టె కోసం గోడ దగ్గర కాచుకుని ఉండేవారట. ఆ మాట చెప్పేటప్పుడు మామ గొంతులో ఎంత సంతోషమో.

ఇంతలో మా వార్డులో ఒక రోగికి కరోనా తేలింది. నన్ను జీతం లేకుండా సెలవు మీద పంపారు. హాస్టల్ ఆమె నా పెట్టె బయట పెట్టింది. రాజోలికి పోదామంటే ఊరివాళ్లు దారికి అడ్డంగా కంప కొట్టి, బయటివాళ్లను రానివ్వడం లేదని అమ్మ ఏడ్చింది. మామకు ఫోన్ చేశాను. అటువైపు వార్తలు మోగుతున్నాయి. టీవీ ఆపి, "కంప ఏసుకుంటె ఏసుకోనీ. నా ఇంటికి కంప లేదు. రా" అన్నాడు. కర్నూలు పోయే మందుల వ్యాను నన్ను పెబ్బేరులో దించింది. మామ స్కూటర్ తీసుకుని వచ్చాడు.

లోపలి గది నాకిచ్చి, తను ముందు గదిలో పడుకున్నాడు. నేనే చెప్పాను, నా గదిలోకి రావద్దని. మూసిన తలుపు అవతల కూర్చుని వార్తలు చెప్పేవాడు. ఒకరోజు టీవీ గొంతు నడిమధ్యలో తెగిపోయింది. ఏమైంది మామా అంటే, కరెంటు పోయిందన్నాడు. నా నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఎక్కడో ఒక నర్సు చనిపోయిందని తర్వాత ఫోన్లో చూశాను.

నేను వచ్చిన మర్నాడు మామ ఎప్పటిలాగే గోడ మీద గిన్నె పెట్టి పిలిచాడు. పక్కింటి ఆమె తన గుమ్మంలోంచి దిగలేదు. "ఆడనే పెట్టన్నా, తర్వాత తీసుకుంట" అంది. నా కిటికీలోంచి ఆ గిన్నె కనబడేది. ఎండ గోడ ఎక్కి, దాటిపోయింది. చీమలు పట్టాయి. పొద్దుగూకాక మామ దాన్ని లోపలికి తెచ్చి, పాడుగానిది ఏరి మళ్లీ ఉడికించాడు. అదే మేమిద్దరం తిన్నాం. మర్నాడూ పెట్టాడు. ఆ మర్నాడూ పెట్టాడు. వద్దు మామా అని తలుపు వెనక నుంచి బతిమాలాను. పిల్లలు ఉన్నారు కదా, తీసుకుంటారులే అన్నాడు.

తీసుకోలేదు సరికదా, ఆమే సందులో అందరినీ కూడగట్టింది. సందు చివరి నల్లా దగ్గరికి మామ రావద్దన్నారు. ఆయన స్కూటర్‌కు డబ్బాలు కట్టుకుని, ఊరవతల ఎవరిదో పొలంలో బోరు నీళ్లు పట్టుకొచ్చేవాడు. ఇంటి ఓనరు ఫోన్ చేసి నన్ను పంపించేయమన్నాడు. "పిల్ల పోతె నేను గూడ పోత. సామాను బయట పడేపిస్తవా, పడేపియ్యి" అన్నాడు మామ. సామాను ముట్టుకోవడానికి ఎవరూ రారని ఓనరుకూ తెలుసు. ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం మామ తలుపుకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత, "పళ్లెం మోగిచ్చుడు అల్కనే బిడ్డా. అన్నం తినుడే కష్టమైంది వీళ్లకు" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూడలేదు. మా మధ్య తలుపుంది.

నాకు రోగం లేదని పరీక్షలో తేలింది. ఆ సంగతి సందంతా తెలిశాక, పక్కింటి ఆమె మామిడికాయ తొక్కు సీసా పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చింది. "పిల్లలున్నరు గదన్నా, భయమైంది" అంది. అది అబద్ధం కాదు. మామ కుర్చీలోంచి లేవలేదు. "ఆడనే పెట్టు చెల్లె, తర్వాత తీసుకుంట" అన్నాడు. ఆమె సీసా అరుగు మీద పెట్టి తల వంచుకుని పోయింది. మామ దాన్ని తీసుకోలేదు. మా అమ్మకు చెబితే మంచి పని చేశాడంది. నాకు మాత్రం ఆ మాట మామ నోటి నుంచి రావడం నచ్చలేదు. ఎవరినీ చిన్నబుచ్చని మనిషిని అంత దూరం తోశారని వాళ్ల మీద ఇంకా మండింది.

ఆ తర్వాత ఇన్నేళ్లు బతికాడు. అదే ఇంట్లో, అదే గోడ పక్కన. ఇల్లు మారు మామా, నా దగ్గరికి రా అంటే, "యాడికి పోయినా గోడ ఉంటది గద" అనేవాడు. పిల్లలు పలకరిస్తే పలికేవాడు. గిన్నె మాత్రం మళ్లీ పెట్టలేదు. నేను ఎప్పుడు పోయినా గమనించింది ఒకటే, ఆయన ఇంట్లో చద్దన్నం లేకుండా పోయింది. బియ్యం గ్లాసుతో కొలిచి పోసుకోవడం అలవాటు చేసుకున్నాడు. చనిపోయిన పొద్దు కూడా కుండ కడిగి బోర్లించి ఉంది. ఆ రోగం మా మామను ముట్టలేదని అందరూ అంటారు.

నేను తిరిగి డ్యూటీకి పోయిన రోజు గుర్తొస్తుంది. బస్సులు అప్పుడే మళ్లీ మొదలయ్యాయి, అవీ పట్నం పొలిమేర దాకానే. మామ వనపర్తి బస్టాండుకు వచ్చి, బస్సెక్కి, నా సీటును తన రుమాలుతో తుడిచి దిగాడు. బస్సు కదులుతుంటే కిటికీ పక్కనే నడుస్తూ మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగేశాడు. ఇంట్లో కూడా నేను ఆ గుడ్డ తీయనివ్వలేదు కాబట్టి, ఆయన ముఖం అన్ని రోజుల తర్వాత పూర్తిగా చూశాను. గడ్డం నెరిసి, బుగ్గలు లోపలికి పోయాయి. కట్టుకో మామా అని చేత్తో సైగ చేశాను. కట్టుకోలేదు. నన్ను చూసి నవ్వుతూ అలాగే నిలబడ్డాడు. ఆయన పక్కనున్న మనిషి సంచీ తీసుకుని దూరంగా జరిగాడు.