ఒంటి రెక్క జాడ తీసిన సుగుణమ్మగారు

మా మేనత్త సుగుణమ్మగారు మొన్న గురువారం రాజోలులో ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. ఆ కబురు తెచ్చిన మనిషిని నేను "ఏ సుగుణమ్మగారు?" అని అడిగాను. కిందటి వారమే మా వసారాలో కూర్చుని, లాంచీ ఇంజను అంత చప్పుడెందుకు చేస్తుందో చెప్పమని నన్ను నిలదీసిన మనిషి ఇక లేరంటే మనస్సు అంగీకరించలేదు.

బాలికల పాఠశాలలో ఉపాధ్యాయినిగా ఆమె చేసిన విద్యాదానం ఈ లంకల్లో ఎరుగనివారు లేరు. "అడిగితే పోయేదేముందర్రా, మహా అయితే చెప్పరు" అన్న ఆమె మాట శిష్యురాళ్లందరికీ కంఠస్థం. ఆ మాటను తన జీవితంలో ఆమె ఎలా ఆచరించారో మాత్రం కొద్దిమందికే తెలుసు.

ఆమె తమ్ముడు, మా రత్నం బాబాయి, యుద్ధకాలంలో వైమానిక దళంలో చేరి బర్మా సరిహద్దుకు వెళ్లాడు. అప్పటికి పెళ్లయి ఏడాది తిరగలేదు. కొన్ని నెలలకు 'కనిపించుట లేదు' అని తంతి వచ్చింది. ఆ తరువాత, మరణించినట్లు భావిస్తున్నామని సర్కారువారు తెలియజేశారు. భావించడం, తెలియడం ఒకటేనా అని మా నాయనమ్మ ఆ మాట పట్టించుకోలేదు. బర్మాలో ఎవరినో చేసుకుని ఉండిపోయాడని ఊళ్లో ఇంకో మాట పుట్టింది. ఈ రెంటి మధ్య నలిగినది ఎస్తేరు పిన్ని, బాబాయి భార్య. మలికిపురంలో ఒక యోగ్యుడైన ఉపాధ్యాయుడు ఆమెను వివాహమాడతానని పెద్దలచేత అడిగించారు. "మీ తమ్ముడుగారు తిరిగొస్తే నేనేం మొహం పెట్టుకుని నిలబడనండి వదినగారూ?" అని పిన్ని మా సుగుణమ్మ అత్తయ్య దగ్గర ఏడ్చింది.

ఆ రోజుల్లోనే అత్తయ్య పన్నునొప్పితో కాకినాడ వెళ్లారు. పళ్ల డాక్టరుగారి గదిలో కుర్చీకి సరిగ్గా పైన, కర్రతో చేసిన చిన్న చిన్న విమానాలు దారాలకు వేలాడుతున్నాయి. ఆయన ఏనాడూ విమానం ఎక్కలేదు, విమానాలంటే పిచ్చి ప్రేమ మాత్రమే. నోట్లోంచి ఆయన చెయ్యి తియ్యగానే అత్తయ్య అడిగినది తన పన్ను సంగతి కాదు.

"మా తమ్ముడు ఎక్కింది వీటిలో ఏదండి?"

ఫొటో చూస్తే చెప్పగలనేమో అన్నారాయన. మరోసారి వెళ్లినప్పుడు దళం దుస్తుల్లో ఉన్న బాబాయి ఫొటో పట్టుకెళ్లారు. డాక్టరుగారు భూతద్దం పెట్టి చూసి, చొక్కా మీది గుర్తుకు రెండు రెక్కలు కాక ఒక్క రెక్కే ఉంది గనక బాబాయి విమానం నడిపేవాడు కాడని, నడిపేవాడి వెనక కూర్చుని వైర్‌లెస్సు, తుపాకీ చూసుకునేవాడని చెప్పారు. తమ్ముడు విమానం నడపలేదని విని మా నాన్నగారు చిన్నబుచ్చుకున్నారు. అత్తయ్య ముఖం మాత్రం వికసించింది. "తోక వైపు తిరిగి కూర్చునేవాడటరా. వాడికి వెళ్లే దారి కాదు, వచ్చిన దారి కనిపించేదన్నమాట" అన్నారు.

డాక్టరుగారికి మద్రాసులో తనలాంటి మిత్రులుండేవారు. ఆదివారాలు కలుసుకుని విమానాల బొమ్మలు గీసుకునేవారు, వాటి గురించి వాదించుకునేవారు. ఇద్దరు కూర్చునే బాంబరు విమానాలు ఆ సరిహద్దులో ఏ దళానికి ఉండేవో వారు తేల్చారు. ఆ దళంలో పనిచేసి, ఇప్పుడు మద్రాసు విమానాశ్రయంలో ఉద్యోగం చేస్తున్న ఒక అరవాయన ఆచూకీ కూడా వారే పట్టారు. అత్తయ్య సఖినేటిపల్లి రేవు దాటి, నరసాపురంలో రైలెక్కి మద్రాసు వచ్చారు. అప్పట్లో నేనక్కడే చదువుకుంటున్నాను గనక ఆయన ఇంటికి ఆమె వెంట వెళ్లాను.

బాబాయి విమానం పక్కనే ఆయన విమానం ఎగురుతోందట. కొండల మీద మబ్బు పట్టింది. బాబాయి విమానం ఇంజనులోంచి పొగ వచ్చింది. అది కొండవాలుకు తగిలి మంటల్లో చిక్కడం ఆయన కళ్లారా చూశారు. ఎవరూ దూకలేదు. ఆ చోటికి మనుషులు చేరలేకపోయారు గనకే 'కనిపించుట లేదు' అని రాశారట. ఇంత చెప్పి ఆయన తలవంచుకున్నారు.

తమ్ముడు అక్కడ ఎలా ఉండేవాడని అత్తయ్య అడిగారు. కొబ్బరి వెయ్యని కూర కూరే కాదని వంటవాడితో రోజూ పోట్లాడేవాడని ఆయన అన్నారు. ఆమె ఫక్కున నవ్వారు. నవ్వుతూనే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ కన్నీళ్లు తుడుచుకున్నాక, పైనుంచి నదులెలా కనిపిస్తాయి, చలి వేస్తుందా, ఒకరి మాట ఒకరికి ఎలా వినిపిస్తుంది అని దీపాలు పెట్టేదాకా అడుగుతూనే ఉన్నారు.

రాజోలు చేరి ఎస్తేరు పిన్నిని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"వాడింక రాడమ్మా. చూసినాయనే చెప్పేరు."

"పోయేటప్పుడు బాధపడ్డారాండీ?" అంది పిన్ని.

"అది ఆయనకీ తెలీదమ్మా. నేనూ అడిగేను."

ఓదార్పు కోసమైనా అబద్ధమాడని ఆ సత్యసంధతే పిన్నికి ధైర్యమిచ్చింది. తరువాతి వేసవిలో ఆమెకు మలికిపురం ఉపాధ్యాయుడితో వివాహమైంది. తల్లి స్థానంలో అత్తయ్య నిలబడ్డారు. నాయనమ్మ ఆ పెళ్లికి రాలేదు.

శుక్రవారం సమాధి కార్యక్రమానికి పిన్ని భర్తతో, పిల్లలతో వచ్చింది. కాకినాడ నుంచి డాక్టరుగారూ వచ్చారు. అందరూ వెళ్లిపోయినా ఆయన ఆ మట్టి దగ్గరే నిలబడి ఉన్నారు. ఆ జ్ఞానపిపాసికి, మాతృమూర్తికి అశ్రునివాళి అర్పించడానికి నా దగ్గర మాటలు చాలవు. అందుచేత ఆయన నాతో అన్న మాటలే ఇక్కడ రాస్తున్నాను.

"ఆవిడ అడిగినవాటిలో సగం నాకు తెలిసేవి కావండి. వచ్చేసారికి చెబుతానని చదువుకునేవాణ్ని. ఇప్పుడు నన్నెవరడుగుతారండి?"