238 డిగ్రీల ఫ్రీజర్

మా ఇంట్లో ఒక గదిలో అద్దెకుండే కర్నూలు కుర్రాడికి ప్రయోగాలు చేయడానికి లోకంలో నా ఫ్రిజ్జే దొరికింది. సింగపూర్ క్లెమెంటిలో మా ఫ్లాట్ నుంచి వాడి యూనివర్సిటీ ఎంతో దూరం లేదు. సి లాంగ్వేజ్‌లో ప్రోగ్రామ్ రాసి, బ్యాటరీతో నడిచే చిన్న మీటర్ తయారుచేసి ఫ్రిజ్‌లో పెట్టాడు. లోపల ఎన్ని డిగ్రీలుందో నా ఫోన్‌లో కనబడేది. ఎప్పుడు చూసినా నాలుగో, ఐదో. వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేదాన్ని.

ఆ శనివారం పొద్దున వాడికి చెప్పకుండా ఆ మీటర్ తీసి ఫ్రీజర్‌లో పెట్టాను. కారణం బొబ్బట్లు. మర్నాడు ఊరికి ఆ చివర పాసిర్ రిస్‌లో మా స్నేహితురాలి గృహప్రవేశం. అంతకుముందు ఒకరింట్లో తిన్న బొబ్బట్లు అట్టముక్కల్లా ఉన్నాయని నలుగురిలో నోరు జారాను. "అయితే ఈసారి నువ్వే చెయ్యవమ్మా" అని నాకు అంటగట్టారు. నడుం పడిపోయేలా చేసి, డబ్బాలకెత్తి, మా పాత ఫ్రీజర్ నిండా పేర్చాను. అవి పాడైతే ఇక సింగపూర్‌లో ఏ తెలుగువాళ్లింట్లోనూ తలెత్తుకోలేను.

తోరణాల పని ఉందని నేను ముందురోజే బయల్దేరాను. డబ్బాలు మర్నాడు మా ఆయన తేవాలి. రైలు బూగిస్ స్టేషన్ దాటాక ఫోన్ చూద్దును కదా, ఫ్రీజర్ 238 డిగ్రీలు. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను.

"ఏవండీ, ఫ్రీజర్ అంటుకునేలా ఉంది. ప్లగ్ పీకేసి కిందికి పొండి. అక్కడ నిలబడొద్దు."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఎదురు చెప్పకుండా మా ఆయన నా మాట విన్నది లేదు. ఆ రోజు విన్నారు. ప్లగ్ పీకి, ఫోన్ బల్ల మీదే వదిలేసి, కిందకెళ్లి కాఫీ తాగుతూ కూర్చున్నారని తర్వాత తెలిసింది.

ఆ వెంటనే కుర్రాడికి ఫోన్ చేసి చెడామడా తిట్టాను. గది ఖాళీ చెయ్యమని కూడా అన్నాను. వాడు అంతా విని, గొంతు తగ్గించి, "మీటర్ యాడ పెట్టినారు ఆంటీ?" అన్నాడు.

"ఫ్రీజర్‌లో."

"అయితే ఏం కాలేదు ఆంటీ. అంకె దాచేదానికి నేను దాంట్లో అన్‌సైన్డ్ చార్ పెట్టినా. చార్‌కు ముందు అన్‌సైన్డ్ తగిలిస్తే దానికి మైనస్ అనేదే తెలీదు. సున్నా నుంచి 255 దాకానే. మైనస్ పద్దెనిమిది వస్తే 256లోంచి పద్దెనిమిది తీసేసి చూపిస్తాది. ఫ్రిజ్‌కు మైనస్ యాడొస్తాదిలే అనుకున్నా."

డిగ్రీలో ఇంట్, చార్, ఫ్లోట్ అని నేను బట్టీపట్టిన చదువు ఇన్నాళ్లకు పనికొచ్చింది. 256లోంచి 18 పోతే 238. అంటే నా బొబ్బట్లు రాళ్లలా ఉన్నాయి. అమ్మయ్య అనుకునేలోపే పీకించిన ప్లగ్ గుర్తొచ్చింది. ఆ మాట చెప్పగానే వాడూ కంగారుపడ్డాడు.

"255 దాటితే సున్నా చూపిస్తాది ఆంటీ. ఆడినుంచి కరగడమే" అని ఫోన్ పెట్టేశాడు.

మా ఆయన ఫోన్ మోగుతోంది గాని ఎత్తే దిక్కు లేదు. మా ఫ్రీజర్ తలుపు రబ్బరు వదులు, చల్లదనం నిలవదు. దిగి వెనక్కి వెళ్లినా అరగంట పైమాటే. ఫోన్‌లో అంకెనే చూస్తూ కూర్చున్నాను. 241. 244. పక్కనున్న స్కూలు పిల్ల నా మొహం చూసి, "ఆంటీ, ఓకే ఆ?" అంటూ టిష్యూ ప్యాకెట్ చేతిలో పెట్టింది. దానికేం చెప్పను? "బొబ్బట్లు" అన్నాను. పాపం, అర్థమైనట్టే తలూపింది.

249. 252. నోటికొచ్చిన దేవుళ్లందరికీ మొక్కాను. 253 దగ్గర అంకె ఆగింది. కళ్లార్పకుండా చూశాను. 252. కాసేపటికి 250. మా ఆయన పైకొచ్చారు కాబోలు అనుకుంటుండగా ఫోన్ మోగింది. కుర్రాడు, రొప్పుతున్నాడు.

"ప్లగ్ పెట్టేసినా ఆంటీ. ఒకటి కొరికి చూసినా. పన్ను కదిలింది."

"నైవేద్యం కాకముందే ఎంగిలి చేశావట్రా?" అన్నాను, కళ్లు తుడుచుకుంటూ. "అంత తొందరగా ఎలా వచ్చావు?"

"బస్సు రాలేదు. పరిగెత్తినా."

అప్పుడు తట్టింది, పొద్దున వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లింది ప్రొఫెసర్‌కి ప్రాజెక్టు చూపించడానికని.

"మరి మీ ప్రొఫెసర్?"

"మధ్యలో లేచొచ్చినా. ఆయన వచ్చే వారం కూడా ఉంటాడు. బొబ్బట్లు రేపే కదా ఆంటీ."

గది ఖాళీ చెయ్యమన్న నోరు నాది. ఆ నోటితోనే వాణ్ణి గృహప్రవేశానికి రమ్మన్నాను. మర్నాడు నైవేద్యం కాగానే మొదటి బొబ్బట్టు మీద చెంచాలతో నెయ్యి పోసి, ఇంటివాళ్లకంటే ముందు వాడి పళ్లెంలో వేశాను. ఎవరేమనుకుంటే నాకేం.